"నేను వెళ్తే నాయనమ్మకు వస్తుంది": బడి తెరిచాక ఒక కుటుంబంతో పదకొండు సమావేశాలు

బడి తిరిగి తెరిచిన రోజు ఆ పాప తెల్లవారకముందే లేచింది. ఎవరూ చెప్పకుండానే స్నానం చేసి యూనిఫాం వేసుకుంది. ఏడాదిలో పొడుగు పెరగడంతో గౌను మోకాళ్ల పైకి వచ్చింది. తన బూట్లు పట్టలేదు, అన్న పాత బూట్లు వేసుకుంది. సంచి తగిలించుకుని గుమ్మం దాకా వచ్చి అక్కడే కింద కూర్చుండిపోయింది. ఏడవలేదు, అరవలేదు. తల్లి చేయి పట్టుకుని లేపబోతే తలుపు రెక్కను గట్టిగా పట్టుకుంది. అలా నలభై నిమిషాలు గడిచాయి. తల్లికి డ్యూటీ వేళ దాటిపోతోంది. ఆ రోజు పాప బడికి వెళ్లలేదు. ఆ తర్వాత తన తరగతి వంతు వచ్చిన ఏ రోజూ వెళ్లలేదు.

మూడో వారంలో క్లాస్ టీచర్ సూచన మీద ఆ కుటుంబం నా దగ్గరికి వచ్చింది. నేను పిల్లల మానసిక ఆరోగ్యం విషయంలో బడులతో కలిసి పనిచేసే కౌన్సెలర్‌ని. కరోనా కాలంలో బడులు తెరిచాక నేను చూసిన కేసుల్లో నా పనితీరునే మార్చిన కేసు ఇది. కుటుంబం అనుమతితో రాస్తున్నాను. వారిని గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను.

టీచర్ పంపిన పత్రంలో ఉన్నది ఒకే వాక్యం: "పాప బడికి రానంటోంది, తల్లిదండ్రులు సహకరించడం లేదు." ఇందులో రెండో సగం తప్పని తేలడానికి ఒక్క సమావేశం చాలింది. మొదటి సగం ఎందుకు నిజమో తెలుసుకోవడానికి నాలుగు సమావేశాలు పట్టాయి.

ఆ ఇల్లు

రెండు గదుల ఇంట్లో ఐదుగురు. తల్లి ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్. తండ్రి డ్రైవర్. లాక్‌డౌన్‌లో పోయిన పని అప్పుడప్పుడే మళ్లీ దొరికింది. ఏ రోజు ఏ వేళకు పిలుపు వస్తుందో చెప్పలేని పని అది. పాపకు తొమ్మిదేళ్లు, అన్నకు పద్నాలుగు. నాయనమ్మకు డెబ్బై ఒకటి, చాలాకాలంగా సీఓపీడీ, అంటే ఊపిరి ఆడటం కష్టమయ్యే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు. రోజూ ఇన్‌హేలర్ వాడాలి. తల్లీ తండ్రీ పనులకు వెళ్తే పిల్లలిద్దరినీ పెంచింది ఆవిడే. ఊహ తెలిసినప్పటి నుంచి పాప ఆవిడ పక్కనే పడుకునేది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది 2020 మార్చి 11న. ఆ నెల గడవకముందే ఈ ఇంట్లో మంచాలు మారిపోయాయి. తల్లి రోజంతా ల్యాబులో నమూనాలు పరీక్షిస్తుంది కాబట్టి ముందు గదిలో ఒంటరిగా పడుకోవడం మొదలుపెట్టింది. డ్యూటీ నుంచి రాగానే బయటే బట్టలు మార్చుకునేది. ఆవిడ స్నానం చేసి వచ్చేదాకా పిల్లలు లోపలి గదిలోంచి బయటికి రాకూడదు. గోడ మీది మేకుకు, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపే పల్స్ ఆక్సిమీటర్ వేలాడుతూ ఉండేది. రోజుకు రెండుసార్లు నాయనమ్మ వేలికి దాన్ని తగిలించి, అంకె చదివి, క్యాలెండర్ మీద రాయడం పాప పని. ఆ పని ఎవరూ అప్పగించలేదు, తానే తీసుకుంది. ఇది నేను మొదటి సమావేశంలోనే విన్నాను. ముద్దుగా ఉందనుకుని రాసుకున్నాను తప్ప, దాని బరువు నాకు అప్పుడు తెలియలేదు.

చదువు సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇద్దరు పిల్లలకూ కలిపి తండ్రి ఫోను ఒక్కటే. బడులు మూతపడ్డాక ప్రపంచవ్యాప్తంగా కనీసం 46.3 కోట్ల మంది పిల్లలకు ఏ రూపంలోనూ దూరవిద్య అందలేదని 2020 ఆగస్టులో యునిసెఫ్ లెక్క చెప్పింది. బడి ఈడు పిల్లల్లో అది దాదాపు మూడో వంతు. అయితే ఇలాంటి ఇల్లు ఆ లెక్కలోకి రాదు. ఫోను ఉంది, ఇంటర్నెట్ ఉంది కాబట్టి చదువు "అందిన" పద్దులోకి వెళ్తుంది. ఒకరి చేతిలో ఫోను ఉన్నంతసేపు రెండోవారి చేతిలో ఏముంటుందన్నది ఏ పద్దులోనూ కనిపించదు.

బడి పంపిన కాగితం

తెరవడానికి వారం ముందు బడి నుంచి అంగీకార పత్రం వచ్చింది. తండ్రి దాన్ని జేబులోంచి తీసి నా బల్ల మీద పెట్టారు. మడత మీద మడత పడి చిరిగిపోతోంది. అందులో ముఖ్యమైన భాగం ఇది: మా ఇష్టపూర్వకంగానే పిల్లలను పంపుతున్నాము, వ్యాధి సోకితే యాజమాన్యానికి ఎలాంటి బాధ్యతా లేదు, ఇంట్లో వృద్ధులకు, దీర్ఘకాలిక రోగులకు కలిగే పరిణామాలకు మేమే బాధ్యులము.

ఆ పత్రాన్ని తండ్రి ఇంట్లో అందరి ముందూ రెండుసార్లు పైకి చదివారు. ఆ తర్వాత మూడు రాత్రులు తల్లీ తండ్రీ వాదించుకున్నారు. పంపితే నాయనమ్మకు ప్రమాదం, పంపకపోతే పిల్లల చదువు పోతుంది. చివరికి నాలుగో రోజు సంతకం చేశారు. ఆ మూడు రాత్రులూ పాప పక్క గదిలో మేలుకునే ఉంది.

ఈ పత్రాల గురించి నా అభిప్రాయం దాచుకోను. అవి కుటుంబాలకు హాని చేశాయి. యునెస్కో, యునిసెఫ్, ప్రపంచ బ్యాంకు, ప్రపంచ ఆహార కార్యక్రమం 2020లో కలిసి తెచ్చిన మార్గదర్శక పత్రం, బడులు తెరవాలా వద్దా అన్నది ప్రజారోగ్య పరిస్థితినీ లాభనష్టాలనూ ప్రాంతాల వారీగా తూచి ప్రభుత్వాలు తీసుకోవాల్సిన నిర్ణయమని చెప్పింది. డెన్మార్క్ 2020 ఏప్రిల్ 15నే చిన్న పిల్లల తరగతులు తెరిచింది. ఎవరు ఏ చిన్న బృందంలో ఉండాలి, బల్లల మధ్య ఎంత దూరం పెట్టాలి, రోజులో ఎన్నిసార్లు చేతులు కడిగించాలి అన్న పనంతా బడి చేసింది. ఈ బడి పంపిన అంగీకార పత్రం మాత్రం అంత పెద్ద తూకాన్నీ రెండు గదుల ఇంటి మీద పెట్టి, అడుగున సంతకం అడిగింది. బడి ఏం చేస్తుందన్నది అందులో ఒక్క ముక్క లేదు.

నా మొదటి అంచనా

ఏడాది పాటు ఇంటిపట్టునే ఉన్న తొమ్మిదేళ్ల పిల్ల, గుమ్మం దాటనంటోంది. నేను "విడిపోవడానికి భయం" అనుకున్నాను. ఆ రోజుల్లో వస్తున్న కేసుల్లో అది ఎక్కువే. మొదటి రెండు సమావేశాల్లో దానికి తగ్గ పనే చేశాను. నెమ్మదిగా ఊపిరి తీసి వదలడం నేర్పాను. తల్లి వీడ్కోలు చెప్పేటప్పుడు వాడటానికి ఒక చిన్న గుర్తు పెట్టుకోమన్నాను. పాప అన్నీ చక్కగా నేర్చుకుంది. మరుసటి బడి రోజున చక్కగా ఊపిరి తీసి, వదిలి, గుమ్మంలోనే కూర్చుంది.

అప్పుడు నా నోట్సు మళ్లీ మొదటి నుంచి చదివాను. అందులో ఉన్నవేవీ నా అంచనాకు సరిపోలేదు. తల్లి పన్నెండు గంటల డ్యూటీకి వెళ్లినా పాపకు దిగులు లేదు. విడిపోవడానికి భయపడే పిల్ల అలా ఉండలేదు. స్నేహితుల గురించి అడుగుతోంది. బడి బొమ్మ గీయమంటే చెట్టుతో సహా రంగులు నింపి గీసింది. పిల్లలు బడి మానినప్పుడు మేము సాధారణంగా రెండు వైపులా వెతుకుతాం. బడిలో తప్పించుకోవాలనుకునేది ఏమైనా ఉందా, ఇంట్లో వదులుకోలేనిది ఏమైనా ఉందా అని. ఈ పాపకు బడిలో భయపెట్టేది ఏదీ కనిపించలేదు. ఇంట్లోనూ హాయిగా లేదు. నాయనమ్మ పక్కన పడుకోవడం మానేసి తన దుప్పటి తెచ్చుకుని తలుపు దగ్గర పడుకుంటోందని తల్లి చెప్పింది. ఎక్కడ పడుకుంటోందన్నది నేను ముందే అడగాల్సిన ప్రశ్న.

చేతులు

మూడో సమావేశంలో పాప చేతులు చూశాను. అంతకుముందు రెండుసార్లూ ఒళ్లో, గౌను మడతల్లో దాచుకుంది. ఆ రోజు బొమ్మలు పేర్చమని ఇచ్చాను కాబట్టి బయటికి తీయక తప్పలేదు. వేళ్ల కణుపుల మీద చర్మం ఎర్రబడి, గీతలు గీతలుగా పగిలింది. కుడి చేతి బొటనవేలి మొదట్లో రక్తం ఎండి ఉంది. 

"చేతులు ఎలా కడుక్కుంటావో చూపిస్తావా?" అన్నాను.

నా గదిలోని సింకు దగ్గర నిలబడి చూపించింది. సబ్బు రుద్దుతూ ఇరవై దాకా లెక్కపెట్టింది. కడిగేసింది. మళ్లీ సబ్బు తీసుకుని ఇరవై. మళ్లీ ఇరవై. ఎందుకు మూడుసార్లని అడిగితే, నాకు ఈ మాత్రం తెలియదా అన్నట్టు చూసి చెప్పింది: "ఒకటి నాకు. ఒకటి ఇంట్లోవాళ్లకు. ఒకటి నాయనమ్మకు."

అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ (వదలని ఆలోచనల వల్ల ఒకే పనిని పదేపదే చేయించే మానసిక సమస్య) అనే మాట నా మనసులోకి వచ్చింది. నాతో పనిచేసే మానసిక వైద్యురాలిని సంప్రదించాను. కడగడం నాయనమ్మ గదిలోకి వెళ్లే ముందే ఎక్కువ. మరే విషయంలోనూ ఇలాంటి లెక్కలు, అలవాట్లు లేవు. పేరు పెట్టేయకుండా కొన్ని వారాలు గమనిద్దామని నిర్ణయించుకున్నాం. చేతులకు పూత మందు రాయించాం.

నాలుగో సమావేశంలో పాప నోరు విప్పింది. నేను ప్రశ్నలు మానేసి రంగు పెన్సిళ్లు చెక్కుతూ కూర్చున్నాను. ఆరో ఏడో పెన్సిలు దగ్గర తల ఎత్తకుండానే అంది:

"నేను వెళ్తే నాయనమ్మకు వస్తుంది. అప్పుడు నేనే కదా తెచ్చింది."

ఆ తర్వాత చిన్ననాయనమ్మ సంగతి చెప్పింది. ఆ ఏడాది మధ్యలో నాయనమ్మ చెల్లెలు కోవిడ్‌తో చనిపోయింది. చివరిచూపు ఎవరికీ దక్కలేదు. ఆవిడ మనవడికి పన్నెండేళ్లు. అతడికి ముందు జ్వరం వచ్చింది, తర్వాత ఆవిడకు. ఫోన్లలో బంధువులంతా ఒకటే మాట అన్నారు: ఆ పిల్లాడే తెచ్చిపెట్టాడు. స్పీకర్లో పెట్టి మాట్లాడుకున్నారు. పాప అన్నీ విన్నది. "వాడు ఇప్పుడు ఎవరితోనూ మాట్లాడడట" అంది. అదే గొంతుతో, పెన్సిలు మొన చూసుకుంటూ.

ఇక్కడ కాస్త ఆగాలి. ఈ కేసులో వృత్తిపరంగా నన్ను ఇబ్బంది పెట్టింది ఇదే. పిల్లల భయాలతో పనిచేసేటప్పుడు మా ప్రధాన ఆయుధం ఒకటుంది. భయపడుతున్నది జరగదని పిల్లలే పరీక్షించి తెలుసుకునేలా చేస్తాం. కుక్కంటే భయమైతే మెల్లగా కుక్క దగ్గరికి తీసుకువెళ్తాం. ఈ పాప భయంలో ఒక పాలు నిజం. పిల్లలకు కోవిడ్ చాలావరకు తేలికగానే పోయినా, వారి ద్వారా పెద్దలకు సోకే అవకాశం ఉంది. సీఓపీడీ ఉన్న డెబ్బై ఏళ్లావిడకు అది ప్రాణాంతకం కావచ్చు. నాయనమ్మకు టీకా వంతు అప్పటికి రాలేదు. మాస్కుల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2020 ఆగస్టులో ఇచ్చిన సలహాలోనూ, ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకు మాస్కు వేయాలా అన్నది తేల్చేటప్పుడు, వృద్ధుల వంటి ప్రమాదం ఎక్కువ ఉన్నవారితో ఆ పిల్లలు మెలుగుతున్నారా అన్నది చూడాలని ఉంది. కాబట్టి "ఏమీ కాదమ్మా, నువ్వు వెళ్లు" అని నేను అనలేను. అంటే అది అబద్ధం. ఈ పాప అబద్ధాన్ని కనిపెట్టగలదు. క్యాలెండర్ నిండా అంకెలు రాసిన పిల్ల ఆమె.

ఆ రాత్రి నోట్సులో రాసుకున్నాను: పాప జబ్బుకు భయపడటం లేదు, కారణం తాను కావడానికి భయపడుతోంది. జబ్బు ప్రమాదాన్ని నేను తీసేయలేను. కారణం అన్న బరువును మాత్రం ఆమె మీద నుంచి దించవచ్చు. దించి ఎవరి మీద పెట్టాలి? ఆ నిర్ణయం నిజంగా ఎవరిదో వారి మీద.

నాయనమ్మ

ఐదో సమావేశం వారి ఇంటి ఆరుబయట జరిగింది. అందరం మాస్కులు వేసుకుని, దూరదూరంగా కూర్చున్నాం. పాప లోపల ఉంది. పాప అన్న మాట చెప్పగానే నాయనమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఆవిడ అనుకున్నది వేరు. మనవరాలు పక్క మార్చేసింది, దగ్గరికి రావడం లేదు. తన దగ్గు చూసి అసహ్యం కలిగిందేమోనని మనసులో కుమిలిపోతోంది. ఒకే ఇంట్లో ఇద్దరూ ఒకరి కోసం ఒకరు దూరంగా ఉంటున్నారు, ఇద్దరికీ ఆ సంగతి తెలియదు.

ఆవిడ ముందు అన్న మాట ఇది: "నా ఊపిరి సంగతి నేనూ డాక్టరూ చూసుకుంటాం. దాని చదువు సంగతి దాన్ని చూసుకోమనండి."

ఈ మాట నాతో కాదు, పాపతో చెప్పాలన్నాను. చెబుతానంది. కాసేపాగి, ఇంకో పని ముందు చేయాలంది. "మా చెల్లెలికి ఎవరి ద్వారా వచ్చిందో ఎవరికి తెలుసమ్మా? ఆ ఇంటికి పాలవాడు వచ్చేవాడు, డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చారు, నలుగురూ వచ్చిపోయేవారు. ఆ పిల్లాడే అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. తప్పు మాట అన్నాను."

ఆ సాయంత్రం ఆవిడ పాపను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆ పిల్లాడికి ఫోను చేసింది. ముందు ఏ మాట స్పీకర్లో విన్నదో, ఇప్పుడూ స్పీకర్లోనే వినాలని ఆవిడే అనుకుందట. నేను అక్కడ లేను, తల్లి చెప్పింది. "ఒరేయ్, మీ నాయనమ్మ పోవడం నీ తప్పు కాదురా. ఆ మాట అన్న పెద్దవాళ్లం మేము తప్పు చేశాం" అంది నాయనమ్మ. అవతల చాలాసేపు ఏమీ వినిపించలేదు. ఫోను కట్ అయిందేమోనని పాప వంగి చూసింది. కాలేదు. నిమిషాల అంకె కదులుతూనే ఉంది. చివరికి అతడు "మందులు వేసుకుంటున్నావా, నాయనమ్మా?" అని మాత్రం అడిగాడట.

పన్నెండేళ్లకు పైగా ఈ పనిలో ఉన్నాను. నా చేతిలో ఉన్న ఏ పద్ధతీ ఆ ఫోను చేసినంత పని చేయగలిగేది కాదు.

తలుపు మీది కాగితం

ఆరో సమావేశంలో పెద్దలు ముగ్గురితో ఒక కొత్త కాగితం రాయించాను. బడి పంపిన పత్రానికి ఇది ఎదురు పత్రం. "పంపాలా, వద్దా" అన్న ఒక్క పెద్ద ప్రశ్నను పక్కన పెట్టాం. అది రోజూ పొద్దున్నే మళ్లీ మొదటికి వస్తుంది, రోజూ ఇల్లంతా అలసిపోతుంది. దాని బదులు, ఏమైతే ఆపుతాం అన్నది ముందే రాసుకున్నాం. ఇంట్లో ఎవరికి జ్వరం, దగ్గు వచ్చినా, వాసన తెలియకపోయినా పిల్లలిద్దరూ బడి మానాలి. తరగతిలో ఎవరికైనా పాజిటివ్ వస్తే పద్నాలుగు రోజులు ఇంట్లో, పడక ముందు గదిలో. నాయనమ్మ ఆక్సిజన్ డాక్టరు ఆవిడకు చెప్పిన అంకె కంటే తగ్గితే వెంటనే డాక్టరుకు ఫోను. (సీఓపీడీ ఉన్నవారికి మామూలు స్థాయే తక్కువగా ఉండవచ్చు. అందరికీ చెప్పే అంకెను పట్టుకుని కంగారు పడకూడదు, ఊరుకోకూడదు. వారి వైద్యులు చెప్పిన అంకెనే పెట్టుకోవాలి.) ఆక్సిమీటర్ ఇకనుంచి తండ్రి చూస్తారు. ఆయన లేని రోజు తల్లి.

ఈ చివరి వాక్యానికి పాప ఒప్పుకోలేదు. చాలా వాదించింది. రోజుకు ఒకసారి అంకెను క్యాలెండర్ మీద రాయడం మాత్రం తనకే ఉండాలన్నది. సరేనన్నాం. చూడటం పెద్దల పని, రాయడం పాప పని.

అడుగున తల్లి తన చేత్తో రాసింది: "పిల్లలను బడికి పంపాలని అమ్మ, నాన్న, నాయనమ్మ నిర్ణయించారు. ఎవరికైనా జబ్బు వస్తే అది పిల్లల తప్పు కాదు." ముగ్గురూ సంతకాలు చేశారు. నాయనమ్మకు చేయి వణికి సంతకం గీత దాటిపోయింది. కాగితాన్ని పాప కూర్చున్న ఆ గుమ్మం పక్కనే, తలుపు లోపలి వైపు అంటించారు.

టైమ్‌టేబుల్

మనసుకు సంబంధించిన పని ఇంత చేసినా, ఇల్లు ఇంకా గాడిన పడలేదు. కారణం నేను అసలు చూడని చోట ఉంది.

రద్దీ తగ్గించడానికి బడి రోజులు పంచింది. చిన్న తరగతులు సోమ, బుధ, శుక్ర. పెద్ద తరగతులు మంగళ, గురు, శని. బడి వైపు నుంచి చూస్తే చక్కటి ఏర్పాటే. ఈ ఇంటి వైపు నుంచి చూడండి. వారంలో ఆరు రోజులూ ఒకరు బడిలో, ఒకరు ఇంట్లో. ఇంట్లో ఉన్నవారికి ఆన్‌లైన్ తరగతి ఉంటుంది, దానికి ఫోను కావాలి. ఫోను తండ్రిది, పనికి పిలుపు వచ్చేది దానికే. ఆయన ఫోను ఇచ్చి ఇంట్లో ఉంటే కూలి లేదు. పట్టుకుని వెళ్తే పిల్లలకు తరగతి లేదు. పైగా చిన్న తరగతులు ఒంటిపూటే. పాప వెళ్లడం మొదలుపెడితే, మధ్యాహ్నం తీసుకురావడానికి ఎవరో ఒకరు ఉండాలి. ఒక్కోసారి నాయనమ్మే వెళ్లాలి. అంత జాగ్రత్తగా కాపాడుకుంటున్న మనిషి, బడి గేటు దగ్గర గుంపులో నిలబడాలి. తల్లిదండ్రులు "సహకరించడం లేదు" అని టీచర్ రాసింది ఈ ఇంటి గురించే.

ఏడో సమావేశం బడిలో పెట్టమన్నాను. తోబుట్టువులు ఇద్దరికీ ఒకే రోజులు ఇవ్వమని అడిగితే ప్రధానోపాధ్యాయురాలు మొదట కుదరదన్నారు. ఒక్కరికి మారిస్తే అందరూ అడుగుతారని ఆవిడ భయం. ఎంతమంది అడుగుతారో ఒకసారి చూద్దామన్నాను. ఇద్దరు, ముగ్గురు పిల్లలు ఇదే బడిలో ఉన్న ఇళ్ల జాబితా తీయిస్తే రెండు పేజీలు దాటింది. ఆవిడ ఆ కాగితాలు చూస్తూ, "ఇన్ని ఇళ్లు రోజూ ఇలాగే నలుగుతున్నాయా" అన్నారు. రెండు వారాల్లో తోబుట్టువులకు ఒకే రోజులు వచ్చాయి. అదే రోజు తరగతి కిటికీల సంగతి కూడా ఎత్తాను. గేటు దగ్గర శానిటైజర్ ఉంది, బల్లల మీద మందు చల్లుతున్నారు, కిటికీలు మాత్రం దుమ్ము వస్తుందని మూసి ఉంచారు. ఈ వైరస్ ముఖ్యంగా మూసి ఉన్న గదుల్లో గాలి ద్వారా పాకుతుందన్నది అప్పటికే బలపడుతున్న విషయం. కిటికీలు తెరిపించారు. పాపకు కిటికీ పక్కన చోటిచ్చారు.

ఇకపై వారంలో మూడు రోజులు అన్నాచెల్లెళ్లు కలిసి వెళ్తారు. తండ్రికి ఆ మూడు రోజులు పూర్తి పని దొరికింది. అన్న తరగతులు అయ్యేదాకా పాప లైబ్రరీలో ఉండవచ్చన్నారు. నాయనమ్మ గేటు దగ్గరికి వెళ్లాల్సిన పని లేకుండా పోయింది. నేను పెట్టిన సమావేశాల్లో ఫలితం వెంటనే కనిపించింది ఈ ఒక్కదానిలోనే. అందులో మానసిక వైద్యం అనదగ్గది ఏమీ లేదు.

మెట్లు

ఆ తర్వాత చేసింది మామూలు పద్ధతే. భయాన్ని సున్నా నుంచి పది దాకా కొలిచి, చిన్న మెట్టు నుంచి పెద్ద మెట్టుకు ఎక్కించడం. ఎవరూ లేని సాయంత్రం గేటు దాకా నడిచి రావడం. ఖాళీ తరగతిలో తన చోట కూర్చోవడం. గంటసేపు. ఒక పూట. ఇవన్నీ రెండు వారాల్లో అయిపోయాయి.

నేను ఊహించని చోట పాప పదికి తొమ్మిది వేసింది. గేటుకు నాలుగు, తరగతికి ఆరు. "బడి నుంచి ఇంటికి వచ్చి నాయనమ్మతో మాట్లాడటం" తొమ్మిది. భయం బడిలో లేదు కాబట్టి మెట్లు బడి వైపు కడితే లాభం లేదు, ఇంటి వైపు కట్టాలి. వచ్చాక బట్టలు మార్చుకోవడం, ఒకసారి ఇరవై లెక్కపెట్టి చేతులు కడగడం, కిటికీ అవతల వాకిట్లో నిలబడి నాయనమ్మకు ఆ రోజు సంగతులు చెప్పడం. నాలుగు రోజులయ్యాక గది గుమ్మంలో నిలబడి. తర్వాత గదిలో, మాస్కుతో. మూడు ఇరవైలు ఒక ఇరవై కావడానికి నెలకు పైగా పట్టింది. చివరిదాకా వదలనిది మూడోది, నాయనమ్మ ఇరవై.

ఫోను వచ్చిన రాత్రి

పాప బడికి వెళ్లడం మొదలైన ఐదో వారం, రాత్రి తొమ్మిది దాటాక బడి నుంచి సందేశం వచ్చింది. పాప తరగతిలో ఒకరికి పాజిటివ్. తల్లి నాకు ఫోను చేసేసరికి ఆవిడ గొంతు వణుకుతోంది. పాప ఎలా ఉందని అడిగాను. "తలుపు దగ్గరికి వెళ్లి కాగితం చదువుకుంది మేడమ్. దుప్పటి తీసుకుని ముందు గదిలోకి వెళ్లింది" అన్నారు.

ఆ పద్నాలుగు రోజులు తేలిగ్గా గడిచాయని చెప్పను. లక్షణాలు సాధారణంగా ఐదారు రోజులకు బయటపడతాయని పాపకు తెలుసు. ఆరో రోజు అన్నం ముట్టలేదు. చేతుల కడుగుడు మళ్లీ మూడుకు చేరింది. నాయనమ్మ రోజూ సాయంత్రం కిటికీ అవతల కూర్చుని మాట్లాడింది. ఎవరికీ ఏమీ కాలేదు. అయి ఉంటే ఈ కేసు ఎలా నడిచేదో నేను చాలాసార్లు ఆలోచించాను. ఆ కాగితంలోని చివరి వాక్యాన్ని అందుకే రాయించాను.

రెండోసారి గుమ్మం దాటడానికి పాపకు రెండు బడి రోజులే పట్టాయి. పదో సమావేశంలో ఒక సంగతి చెప్పింది. పాజిటివ్ వచ్చిన అమ్మాయి తిరిగి వచ్చాక ఎవరూ పక్కన నడవడం లేదట, "కరోనా" అని పిలుస్తున్నారట. తాను ఆమె పక్క బల్ల అడిగిందట. చోట్లు మార్చకూడదని టీచర్ ఒప్పుకోలేదట. క్లాస్ టీచర్‌తో ఆ పిలుపు గురించి నేను ఆ రోజే మాట్లాడాను.

అన్న

ఈ రాతలో ఇప్పటిదాకా అన్న ఎక్కడా మాట్లాడలేదు. నా నోట్సులోనూ అంతే. బడి తెరిచిన రోజు నుంచి ఒక్క రోజూ మానలేదు. చెల్లెలిని చేయి పట్టుకుని తీసుకువెళ్లాడు. ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు కాబట్టి ఎవరికీ కనిపించలేదు.

పదకొండో సమావేశం కేసు ముగించడానికి పెట్టుకున్నది. పాప చేతుల మీద పగుళ్లు మానాయి. రాత్రిళ్లు నాయనమ్మ గదిలోనే, కాస్త ఎడంగా పడుకుంటోంది. లేవబోతుంటే పాప అంది: "మా అన్న రాత్రి నిద్రపోవడం లేదు. పుస్తకం తెరిచి పెట్టుకుంటాడు, పేజీ తిప్పడు."

అతడిని ఒంటరిగా కూర్చోబెట్టి అడిగాను. ఏడాదంతా చెల్లెలి తరగతి, తన తరగతి ఒకే వేళకు పడ్డప్పుడల్లా ఫోను ఆమెకే ఇచ్చాడు. చిన్నది కదా అని. ఇప్పుడు బీజగణితంలో బోర్డు మీద రాస్తున్నది ఏదీ అర్థం కావడం లేదు. అడిగితే అందరూ నవ్వుతారు. ఈ ఏడాది అయ్యాక బడి మానేసి నాన్నతో పనికి వెళ్లాలని నిశ్చయించుకున్నాడు. ఉగాండాలో దాదాపు రెండేళ్లు మూతపడి 2022 జనవరిలో బడులు తెరిచేనాటికి, ఇలాంటి పెద్ద పిల్లలు కొందరు అప్పటికే పనుల్లో స్థిరపడిపోయారు. ఇక్కడ ఈ అబ్బాయి రోజూ బడికి వస్తూనే లోలోపల బడి వదిలేశాడు. హాజరు పట్టీలో అది కనిపించదు.

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఎవరూ అడగలేదు కదా మేడమ్" అన్నాడు. ఫిర్యాదుగా అనలేదు. జరిగింది చెప్పాడంతే.

మరుసటి మంగళవారం అతడి పేరు మీద కొత్త ఫైలు తెరిచాను. మొదటి పేజీలో, పంపినవారి పేరు రాసే గడిలో "చెల్లెలు" అని రాశాను.